కుక్కపిల్లలకు పేపర్లు ఎలా? రిజిస్ట్రేషన్ నుంచి ఇంట్లో రాసుకునే రిజిస్టర్ దాకా

అనంతపురంలో లాబ్రడార్ పిల్ల కావాలని ఎవరినడిగినా ఎదురుప్రశ్న ఒకటే: "పేపర్లతోనా, పేపర్లు లేకుండానా?" ఉంటే ఒక రేటు, లేకుంటే ఇంకో రేటు. ఆ పేపర్లు ఎవరిస్తారు, వాటిలో ఏముంటుంది, మన ఇంట్లో ఆడకుక్క ఈనితే ఆ పిల్లలకు ఎట్లా తెచ్చుకోవాలి అని అడిగితే మాత్రం ఒక్కొక్కరూ ఒక్కోటి చెప్తారు. ఇంట్లో ఒకటో రెండో జాతి కుక్కలు పెట్టుకుని, పద్ధతిగా బ్రీడింగ్ చేయించాలనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. కొనేవాళ్ళకూ పనికొచ్చే సంగతులు మధ్యలో తగుల్తాయి.

ముందు మూడు రిజిస్ట్రేషన్లను విడదీసుకోండి

జనం "రిజిస్ట్రేషన్" అని ఒకే పేరుతో పిలిచేవి నిజానికి మూడు వేర్వేరు పనులు.

మొదటిది కుక్కది. దీన్ని చెన్నై కేంద్రంగా పనిచేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇస్తుంది. మనవాళ్ళు "కేసీఐ పేపర్లు" అనేది వీటినే. ఫలానా కుక్క ఫలానా తల్లిదండ్రులకు పుట్టిందని, వాళ్ళ పూర్వీకులు వీళ్ళని చెప్పే వంశవృక్షం అది. క్లబ్బు ఇచ్చే కాగితమే కానీ ప్రభుత్వ లైసెన్సు కాదు.

రెండోది మనిషిది, అంటే బ్రీడర్‌గా మీది. 2017లో కేంద్రం జంతు హింస నిరోధక చట్టం కింద కుక్కల పెంపకం, అమ్మకాలకు నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం అమ్మకానికి పిల్లలు పెట్టించే ప్రతివాళ్ళూ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు చేసుకోవాలి. బ్రీడర్ అంటే పెద్ద కెన్నెల్ ఉన్నవాడే అనుకోకండి. అమ్మడం కోసం జాతి కుక్కలు పెట్టుకున్న వ్యక్తి ఎవరైనా ఈ నిర్వచనం కిందికి వస్తారు. మధ్యలో ఉండి బేరాలు కుదిర్చేవాళ్ళు, బోర్డింగ్ నడిపేవాళ్ళు కూడా వస్తారు. ఫోన్‌లో ఫొటోలు పెట్టి బెంగళూరు నుంచి పిల్లలు తెప్పించి ఇచ్చే కుర్రాళ్ళలో ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువే.

మూడోది పెంపుడు కుక్కకు నగరపాలక సంస్థో మున్సిపాలిటీయో ఇచ్చే లైసెన్సు. మీ ఊళ్ళో ఎట్లా ఇస్తున్నారో ఆఫీసులో కనుక్కుని, రేబిస్ టీకా వేయించిన పుస్తకం తీసుకెళ్ళండి. దీని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

ఒకటి ఉంటే ఇంకోటి ఉన్నట్టు కాదు. కేసీఐ పేపర్లున్న కుక్కతో బోర్డు నమోదు లేకుండా పిల్లలు పెట్టించి అమ్మితే నియమం తప్పినట్టే. బోర్డులో నమోదైన బ్రీడర్ దగ్గర కొన్నంత మాత్రాన మీ పిల్లకు వంశవృక్షం వచ్చేయదు.

బోర్డు దగ్గర నమోదు

జిల్లా పశుసంవర్ధక శాఖ కార్యాలయంలో మొదలుపెట్టండి. దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో, ఎవరి ద్వారా పోతుందో అక్కడ చెప్తారు. నియమాల్లో పెట్టిన ఫీజు 5,000 రూపాయలు, దరఖాస్తు తిరస్కరించినా వెనక్కి రాదు. కాబట్టి తనిఖీకి తయారయ్యాకే కట్టండి. సర్టిఫికెట్ 2 ఏళ్ళు చెల్లుతుంది. మీ పేరు మీద ఇచ్చింది ఇంకొకరికి బదిలీ కాదు. రెండు చోట్ల కుక్కలు పెట్టుకుంటే రెండు చోట్లకూ విడివిడిగా తీసుకోవాలి.

తనిఖీకి వచ్చేవాళ్ళు జాగా, నీడ, నీళ్ళు, శుభ్రత చూస్తారు. మన దగ్గర ఎండాకాలంలో రేకుల షెడ్డు కింద కుక్కను కట్టేస్తే ఎవరు చూసినా ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. దాంతోపాటు రికార్డులు అడుగుతారు. ఇల్లు కడిగి సున్నం కొట్టి సిద్ధంగా ఉన్నవాళ్ళు కూడా ఈ రికార్డుల దగ్గరే తడబడతారు.

చిప్ లేకుండా అడుగు ముందుకు వేయకండి

మైక్రోచిప్ అంటే బియ్యపు గింజంత గాజు గొట్టం. భుజాల మధ్య చర్మం కింద సూదితో ఎక్కిస్తారు. అందులో 15 అంకెల నంబరు తప్ప ఇంకేమీ ఉండదు. బ్యాటరీ లేదు, జీపీఎస్ అసలే లేదు. "చిప్ ఉంది కదా, తప్పిపోతే ఫోన్‌లో కనిపిస్తుంది" అని అమ్మేవాళ్ళే చెప్తుంటారు, నమ్మకండి. స్కానర్ దగ్గరికి తెస్తే నంబరు చూపిస్తుంది, అంతే. అయినా కుక్కనూ కాగితాన్నీ కలిపే ముడి ఇదొక్కటే. ఒకే ఈతలో పుట్టిన రెండు నల్ల లాబ్రడార్లను పెద్దయ్యాక ఫొటో చూసి విడదీయడం కన్నతల్లికి కూడా కష్టం.

చిప్ వేయించే ముందు ఆ ఆసుపత్రిలో స్కానర్ ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి చదివించండి. చిప్ ప్యాకెట్‌లో నంబరున్న చిన్న స్టిక్కర్లు వస్తాయి. ఒకటి టీకాల పుస్తకంలో, ఒకటి మీ రిజిస్టర్‌లో, ఒకటి దరఖాస్తు మీద అంటించండి. 15 అంకెలు చేత్తో రాస్తే ఎక్కడో ఒక చోట తారుమారవుతాయి.

ఆడకుక్క మీ పేరున ఉందా?

చాలామంది పనులు ఇక్కడే ఆగిపోతాయి. కుక్కను మూడేళ్ళ కింద కొని ఉంటారు, సర్టిఫికెట్ కూడా బీరువాలో ఉంటుంది. తీసి చూస్తే యజమాని పేరు అమ్మినవాడిదే. కొన్నప్పుడు యాజమాన్య బదిలీ చేయించుకోలేదన్నమాట. ఆయన సంతకం లేకుండా అది మీ పేరుకు మారదు, మారకుండా పిల్లలను మీ పేరున నమోదు చేయలేరు. అమ్మినాయన ఫోన్ నంబరు మార్చేశాడంటే ఇక ఆ కాగితం వల్ల ఉపయోగం లేదు. క్రాసింగ్, అంటే జత కట్టించే ఆలోచన రాగానే మొదట ఈ కాగితం తీసి చూసుకోండి.

చూసేటప్పుడే వంశవృక్షం కూడా చదవండి. మూడు తరాల పట్టికలో తల్లిదండ్రులు ఇద్దరు, వాళ్ళ తల్లిదండ్రులు నలుగురు, ఆ పైన ఎనిమిది, మొత్తం 14 పేర్లుంటాయి. మీ ఆడకుక్క పట్టిక, మీరు చూసిన మగకుక్క పట్టిక పక్కపక్కన పెట్టి రెండింటిలో ఉన్న పేరు ఏదైనా ఉంటే కింద గీత గీయండి. అన్నాచెల్లెళ్ళను, తండ్రీకూతుళ్ళను కలపకూడదని అందరికీ తెలుసు. ఊళ్ళో పేరున్న మగకుక్కలు ఒకటో రెండో ఉన్నచోట మాత్రం తెలియకుండానే చుట్టరికాలు కలిసిపోతాయి. పెద్దవాళ్ళు సంబంధాలు చూసేటప్పుడు గోత్రం అడిగినట్టే ఇదీ.

ఇంకో మాట. సర్టిఫికెట్‌లో ఛాంపియన్ల పేర్లు ఎన్నున్నా ఆరోగ్యం గురించి అది ఏమీ చెప్పదు. లాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లలో తుంటి కీలు జబ్బు తరాల వెంట వస్తుంది. ఏడాది దాటాక ఎక్స్‌రే తీయించి ఆ రిపోర్టు కూడా ఫైల్లో పెట్టండి. కడప జిల్లావాళ్ళకు ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల దగ్గరే కాబట్టి అక్కడ అడగొచ్చు.

క్రాసింగ్‌కు ముందు: వయసు, లెక్క, డాక్టరు

నియమాలు సూటిగా ఉన్నాయి. జతకట్టే కుక్కలకు 18 నెలలు నిండాలి. ఏడాదికి ఒక ఈతే. వరుసగా రెండు ఎదల్లో పిల్లలు పెట్టించకూడదు. జీవితం మొత్తం మీద 5 ఈతలకు మించకూడదు. 8 ఏళ్ళు దాటిన ఆడకుక్కకు ఇక విశ్రాంతే. చాలా కుక్కలు ఏడాది నిండేలోపే మొదటిసారి ఎదకొస్తాయి. అప్పుడే తొందరపడి మగకుక్కను వెతికేవాళ్ళుంటారు. ఆ ఎద వదిలేయాలి, కానీ తేదీ మాత్రం రాసి పెట్టాలి. వరుస ఎదల్లో పెట్టించలేదని రేపు చూపించాలంటే ఆ తేదీలే ఆధారం.

కుక్కలు ఆరోగ్యంగా ఉన్నాయని క్రాసింగ్‌కు కనీసం 10 రోజుల ముందు డాక్టరు చేత రాయించుకోవాలన్నది ఇంకో నియమం. రక్తం చుక్కలు కనబడ్డాక మామూలుగా పదీ పన్నెండు రోజులకు క్రాసింగ్‌కు నిలబడుతుంది. అంటే మొదటి చుక్క చూసిన రోజో మర్నాడో ఆసుపత్రికి పోవాలి. వారం పోయాక గుర్తొస్తే తేదీలు కుదరవు. పిడుదుల జ్వరానికి రక్తపరీక్ష కూడా అప్పుడే చేయించండి. మన జిల్లాల్లో పిడుదులు లేని కుక్క అరుదు.

మగకుక్క యజమానితో మాట్లాడుకున్నదంతా కాగితం మీద పెట్టండి. డబ్బా, పిల్లా? పిల్ల అయితే ఎన్నో ఎంపిక ఆయనది? ఒక్కటే పుడితే ఎవరిది? చూలు నిలవకపోతే రెండోసారి ఉచితమా? ఇవన్నీ "మనలో మనకేముందిలే" అనుకునే సంగతులే. లిట్టర్ దరఖాస్తులో, అంటే ఆ ఈతలో పుట్టిన పిల్లలను కేసీఐలో నమోదు చేయడానికి పెట్టే దరఖాస్తులో, ఆయన సంతకం కూడా కావాలి. పిల్లల లెక్క మీద మాట తేడా వస్తే ఆ సంతకం ఆగిపోతుంది. అందుకే క్రాసింగ్ రోజునే తేదీ వేసి ఇద్దరూ సంతకాలు చేసుకోండి. మగకుక్క సర్టిఫికెట్ నకలు తీసుకుని, చిప్‌ను మీ కళ్ళ ముందే స్కాన్ చేయించండి. చూపించిన కాగితం ఒక కుక్కది, తెచ్చిన కుక్క ఇంకోటి కావడం జరగని పని కాదు.

రిజిస్టర్: అసలు పని ఇదే

ఒక గట్టి అట్ట లాంగ్ నోట్‌బుక్ కొనండి. పేజీలకు నంబర్లు వేయండి. ఫోన్‌లో రాసుకుంటామంటారు చాలామంది. ఫోన్ మారినప్పుడు అన్నీ పోతాయి. పైగా తనిఖీకి వచ్చినాయనకు ఫోన్ చేతికివ్వడం మీకే ఇష్టముండదు. ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి, రాత మాత్రం పుస్తకంలో ఉండాలి.

ప్రతి కుక్కకు కొన్ని పేజీలు వదలండి. పైన పేరు, జాతి, పుట్టిన తేదీ, రంగు, చిప్ స్టిక్కర్, ఎక్కడినుంచి వచ్చింది. కింద జరిగింది జరిగినట్టు. ఆడకుక్క పేజీ ఇట్లా ఉండాలి:

జనవరి 12: ఎదకొచ్చింది.
జనవరి 13: డాక్టరు చూశారు, సర్టిఫికెట్ ఫైల్లో ఉంది.
జనవరి 23: మొదటి క్రాసింగ్, ఉదయం. మగకుక్క పేరు, చిప్ నంబరు.
జనవరి 25: రెండో క్రాసింగ్.
మార్చి 28: ఈనింది. 7 పుట్టాయి, అందులో 1 చనిపోయి పుట్టింది.

కుక్క చూలు 63 రోజులకు అటూఇటూ. పై తేదీలు చూస్తే లెక్క సరిపోతుంది. పిల్లలు 50వ రోజునో 75వ రోజునో పుట్టినట్టు రాసుందంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. మరో మగకుక్క ఏమైనా దాటిందా అని అడుగుతారు. ఆ అనుమానానికి కారణం ఉంది. ఎదలో ఉన్న కుక్క రెండు మగకుక్కలతో కలిస్తే ఒకే ఈతలో ఇద్దరు తండ్రుల పిల్లలు పుట్టొచ్చు. క్రాసింగ్ అయిపోయిందని గేటు తీసి వదిలేస్తే వీధి కుక్క గోడ దూకి వస్తుంది. మొత్తం మూడు వారాలూ లోపలే ఉంచాలి. అయినా దూకి వచ్చిందనుకోండి, అది కూడా రాయండి. దాచిపెట్టి పేపర్లు చేయించేకంటే డీఎన్‌ఏ పరీక్ష చేయించడం మేలు, లేదంటే ఆ ఈతను పేపర్లు లేకుండానే ఇచ్చేయడం నయం.

పిల్లలు పుట్టే రాత్రి పక్కన కిచెన్ తూకం, పెన్ను, రంగురంగుల ఊలు దారాలు పెట్టుకోండి. పుట్టిన పిల్లను తుడిచి, తూచి, మెడలో దారం వదులుగా కట్టి ఒక్క లైను రాయాలి: "రాత్రి 10:40, మగ, నలుపు, 410 గ్రాములు, రొమ్ము మీద గోరంత తెల్లమచ్చ, ఎర్ర దారం." తర్వాతది: "11:15, ఆడ, నలుపు, 385 గ్రాములు, మచ్చ లేదు, పచ్చ దారం." తెల్లారేసరికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి, రాత్రి రాసిందే ఆధారం. పిల్లలు త్వరగా పెరుగుతాయి కాబట్టి దారాలు రెండు మూడు రోజులకోసారి మార్చాలి. రంగు మాత్రం మారకూడదు.

రెండు వారాల దాకా రోజూ ఒకే వేళకు తూచి రాయండి. పదో రోజుకు పుట్టినప్పటి బరువు దాదాపు రెండింతలు కావాలి. ఒక పిల్ల బరువు రెండు రోజులు పెరగలేదంటే దానికి పాలు అందట్లేదని కంటికి కనిపించకముందే పుస్తకం చెప్తుంది. రిజిస్టర్ బోర్డు కోసమే రాస్తున్నాం అనుకునేవాళ్ళకు ఈ లైన్లు చూపిస్తాను నేను. నులిపురుగుల మందు వేసిన తేదీలు, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, ఆ సీసా స్టిక్కర్, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా ఇవ్వాల్సిన తేదీ కూడా అదే పేజీలోకి వస్తాయి. చనిపోయిన పిల్లను కూడా రాయాలి. పుట్టినవి 7, అమ్మినవి 5, ఇంట్లో ఉన్నది 1 అయితే మిగిలిన ఒకటి ఏమైందో పుస్తకంలో ఉండి తీరాలి.

రాసేటప్పుడు తప్పు పోతే ఒక గీత కొట్టి పక్కన సరైనది రాసి తేదీ వేయండి. వైట్‌నర్ పూసిన రిజిస్టర్ చూస్తే ఏ ఆఫీసరుకైనా టెన్షనే. నెలల తరబడి ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్న పుస్తకాన్ని కూడా ఎవరూ నమ్మరు.

పై ఉదాహరణలోనే ఇంకో సంగతి చూడండి. జనవరిలో క్రాసింగ్ చేయిస్తే పిల్లలకు ఎనిమిది వారాలు నిండేది మే 23న. అనంతపురం ఎండ మండిపోయే రోజుల్లో, కరెంటు పోయే వేళల్లో, కొత్త ఇళ్ళకు పిల్లలను పంపాలి. వర్షాలు పడ్డాక వచ్చే ఎదకు పెట్టుకుంటే పిల్లలకూ మీకూ సుఖం.

లిట్టర్ నమోదు

తల్లీతండ్రీ ఇద్దరికీ కేసీఐ నమోదు, చిప్ ఉంటేనే ఈతను నమోదు చేస్తారు. తల్లిదండ్రుల వివరాలు, క్రాసింగ్ తేదీ, ఈనిన తేదీ, ఎన్ని మగ, ఎన్ని ఆడ, రంగులు, పిల్లల చిప్ నంబర్లు, పేర్లు అడుగుతారు. రిజిస్టర్ సరిగ్గా ఉంటే ఇది అరగంట పని. ఫీజులు మారుతుంటాయి కాబట్టి క్లబ్ వెబ్‌సైటులో ఆ రోజున్న పట్టికే చూడండి. ఎవరో పంపిన పాత స్క్రీన్‌షాట్ చూసి డబ్బు కట్టకండి. మీరు పెట్టిన పేరే సర్టిఫికెట్‌లో ఉండిపోతుంది. కొన్నవాళ్ళు ఇంట్లో "టామీ" అనో "చిన్ని" అనో పిలుచుకుంటారు, అది వాళ్ళిష్టం.

ముధోల్ కుక్కలు పెట్టుకున్నవాళ్ళకు ఒక మాట, ఎందుకంటే కర్ణాటక పక్కనే కాబట్టి మన గొర్రెల కాపరుల దగ్గర, తోటల్లో ఇవి కనిపిస్తాయి. కేసీఐ జాబితాలో వీటి కోసం "కారవాన్ హౌండ్" అన్న పేరు కింద వెతకండి. ముధోల్, రాజపాళయం, చిప్పిపారై జాతులను కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ దేశీ జాతులుగా నమోదు చేసింది. "మా కుక్కకు కేంద్రం రిజిస్ట్రేషన్ ఉంది" అని దాన్ని చూపించి అమ్మేవాళ్ళున్నారు. ఆ నమోదు జాతికి జరిగింది, మీ ముందున్న కుక్కకు కాదు.

రాట్‌వైలర్, పిట్‌బుల్ లాంటివాటి గురించి కూడా అడుగుతుంటారు. 2024 మార్చిలో 23 జాతుల అమ్మకం, పెంపకం ఆపాలని కేంద్రం ఇచ్చిన ఆదేశాన్ని ఆ ఏప్రిల్‌లోనే కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. ఇట్లాంటి జాతులతో బ్రీడింగ్ మొదలుపెట్టేముందు అప్పటికి అమల్లో ఉన్న నియమం ఏంటో జిల్లా కార్యాలయంలో కనుక్కోండి.

అమ్మే రోజు

ఎనిమిది వారాలు నిండకుండా ఎవరికీ ఇవ్వకండి. "ఊరికి పోతున్నాం, ఇప్పుడే ఇచ్చేయండి" అని బతిమాలినా సరే. ఆరు నెలలు దాటిన కుక్కనైతే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించకుండా అమ్మకూడదు, నమోదున్న బ్రీడర్‌కు అయితే తప్ప.

రసీదు రెండు నకళ్ళు రాయండి. మీ పేరు, చిరునామా, బోర్డు నమోదు సంఖ్య, పిల్ల జాతి, చిప్ నంబరు, పుట్టిన తేదీ, వేసిన టీకాలు, తర్వాతి టీకా తేదీ, ఇప్పుడు పెడుతున్న తిండి, ధర, అమ్మిన తేదీ. ఇద్దరి సంతకాలు. అదే సమయంలో యాజమాన్య బదిలీ దరఖాస్తు మీద కూడా సంతకం చేసి ఇచ్చేయండి. కొనేవాళ్ళు ఇది అడగాలి. "పేపర్లు తర్వాత పంపుతా" అంటే, లిట్టర్ దరఖాస్తు పెట్టిన రసీదు చూపించమనండి. దరఖాస్తే పెట్టలేదంటే అది పేపర్లు లేని పిల్లే, ఆ ధరకే బేరం చేయండి. ఇంటికి తీసుకెళ్ళే ముందు పిల్లను స్కాన్ చేయించి, వచ్చిన నంబరును రసీదుతో అంకె అంకె పోల్చుకోండి.

ఏటా ఒకసారి

అంతకుముందు ఏడాది ఎన్ని అమ్మారు, ఎన్ని ఊరికే ఇచ్చారు, ఎన్ని మార్పిడి చేసుకున్నారు, ఎన్ని ప్రదర్శనకు తీసుకెళ్ళారు అని బోర్డుకు నివేదిక ఇవ్వాలి. మేనమామ కొడుక్కి ఉత్తినే ఇచ్చిన పిల్ల కూడా ఇందులోకి వస్తుంది. రిజిస్టర్ చివర ఒక పేజీ దీనికి వదిలి, పిల్ల గడప దాటిన రోజే అందులో ఒక లైను ఎక్కించండి. సర్టిఫికెట్ గడువు తేదీని కూడా ఆ పేజీ పైన ఎర్ర ఇంకుతో రాయండి. రెన్యూవల్‌కు కనీసం నెల ముందే దరఖాస్తు పెట్టాలి. పాత సర్టిఫికెట్ నకలు, రెండేళ్ళ నివేదికల నకళ్ళు, రిజిస్టర్ అన్నీ ఒకే సంచిలో పెట్టుకుని పొద్దున్నే పోతే ఆ పూటలో పని ముగించుకుని రావచ్చు.